నీళ్లు పోగా అవ్వ బరువు

నన్ను కన్న మా అవ్వ బరువెంతో మంథనిలో మా వాడకట్టు అందరికీ తెలుసు. ఆడమనిషి బరువు వాడకట్టుకు తెలియడమేమిటని మీరు నవ్వవచ్చు. నాకూ అప్పట్లో తల తీసేసినట్టే ఉండేది. బాయికి నీళ్లకు పోతే చాలు, "మీ అవ్వ ఈ నెల ఎంత తూగింది, పిల్లా?" అని అడిగేవాళ్లు. నేను బిందె ముంచుకుని, జవాబు చెప్పకుండా వచ్చేదాన్ని. నాకు పొగరుబోతు పిల్ల అని పేరు పడింది ఆ బాయి దగ్గరే. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

తూకం కథ చెప్పాలంటే ముందు జబ్బు కథ చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. సేర్లూ మణుగులూ పోయి దుకాణాల్లోకి కిలో రాళ్లు వచ్చాయి, మనుషుల నోళ్లలోకి మాత్రం ఇంకా రాలేదు. మా నాన్నకు, బాపుకు, చిన్న కిరాణా దుకాణం ఉండేది. వెనక పెరట్లో దూలానికి పెద్ద తరాజు వేలాడుతుండేది. బియ్యం బస్తాలు, బెల్లం ముద్దలు దాని మీదే జోకేవాడు. ఇంట్లో బాపు, అవ్వ, నేను, ఇంకా పలక పట్టని మా చెల్లె, అవ్వను కన్న అమ్మమ్మ. తాత పోయాక అమ్మమ్మ మా దగ్గరే ఉండిపోయింది. ఆమెకు మా అవ్వ ఒక్కతే సంతానం.

అవ్వ జబ్బును ముందుగా కనిపెట్టినవి ఆమె కాలి మట్టెలు. ఉన్నట్టుండి బిగుసుకున్నాయి. అవ్వ నవ్వుకుంటూ కంసాలి దగ్గర కాస్త సాగదీయించుకుంది. నెల తిరగకముందే మళ్లీ బిగుసుకున్నాయి. పొద్దున లేస్తే కళ్ల కింద ఉబ్బు, పొద్దుగూకితే పాదాల మీద ఉబ్బు. గలిజేరాకు వండుకు తినమన్నారు, తిన్నది. నీడపట్టున ఉండమన్నారు, ఉన్నది. తరువాత అన్నం వాసనకే వాంతి రావడం మొదలైంది. ఉగాది దాటాక బాపు దుకాణం మూసి, పెద్దపల్లి మీదుగా బస్సులో అవ్వను కరీంనగర్ తీసుకుపోయాడు. తోడుగా నేను. అప్పటికి నేను బడి చాలించి వంటింట్లో పడ్డాను.

డాక్టరు హైదరాబాద్‌లో చదివి వచ్చిన పెద్దాయన, మాటలో సగం ఉర్దూ. అవ్వ మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి దీపం మీద కాచాడు. అది పాలు విరిగినట్టు విరిగింది. అవ్వను బయట బల్ల మీద కూర్చోబెట్టమని నాతో చెప్పి, బాపుతో మాట్లాడాడు. నేను అవ్వను కూర్చోబెట్టి, బాపు చేతిసంచీ కోసం వచ్చినట్టు తలుపు దగ్గరే నిలబడ్డాను.

"గుర్దాలు, మూత్రపిండాలు, ఖరాబ్ అయినయి. రెండూ" అన్నాడు డాక్టరు. "ఉప్పు బంద్ చెయ్యాలె. నీళ్లు కొలిచి ఇయ్యాలె."

"గట్ల జేస్తే తక్కువైతదా, సాబ్?"

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మల్ల లోపటికి పంపే మిషన్ విలాయత్‌ల ఉన్నది. నేను పుస్తకంల సదివిన, కండ్ల సూడలే. మనకాడికి ఎప్పుడొస్తదో ఏమో."

బాపు మిషను సంగతి వదిలేశాడు. "ఎన్నొద్దులుంటది, సాబ్?" అన్నాడు. దుకాణంలో సరుకు ఎప్పుడు దిగుతుందని అడిగే గొంతే అది. వేరే గొంతు ఆయనకు లేదు.

"వానకాలం దాటితే గొప్ప."

తిరుగు బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. చాలా దూరం పోయాక అడిగింది, "ఏమన్నడు డాక్టరు?" అని. ఉప్పు తక్కువ తినమన్నాడని బాపు చెప్పాడు. "గంతేనా?" అంటే "గంతే" అన్నాడు. అవ్వ ఆయన మొఖం వంక చూసి, "ఉప్పు కోసం గింత ఏడుపు మొఖం ఎవలన్న పెడ్తరా?" అంది. నేను వెనక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

బాపు ఆ సంగతి ఒక్క అమ్మమ్మకే చెప్పాడు. అమ్మమ్మ ఏడ్వలేదు. తలస్నానం చేసి, తడిగుడ్డతో పెరట్లో నిలబడి, మేడారం ఉన్న దిక్కుకు తిరిగి చేతులెత్తింది. మేడారం అడవిలో సమ్మక్క తల్లి జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. ఆ తల్లికి పెట్టే బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. కష్టం వచ్చిన మనిషిని తరాజులో కూర్చోబెట్టి, ఆ మనిషి బరువంత బెల్లం జోకి తల్లికి ఇస్తామని మొక్కుతారు. అదే ఎత్తు బంగారం. వచ్చే మాఘంలోనే జాతర.

"తల్లీ, సమ్మక్క తల్లీ! నా బిడ్డను జాతర దాక నిలవెట్టు. ఎత్తు బంగారం నీ గద్దెకు తెచ్చుకుంట" అని అమ్మమ్మ గట్టిగా మొక్కింది. గట్టిగా మొక్కడం ఆమె అలవాటు, తల్లికి చెవుడు ఉన్నట్టు. వంటింట్లో బియ్యం ఏరుతున్న అవ్వ ఆ మాట విన్నది. చేట పక్కన పెట్టింది.

"అంటే జాతర దాక ఉండనన్నడా డాక్టరు?" అంది.

అమ్మమ్మ చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. దాచిపెట్టాలనుకున్న మాటను మొక్కు బయటపెట్టేసింది. బాపు దుకాణంలోకి పోయి ఊరికే డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు. అవ్వ కాసేపటికి చేట మళ్లీ ముందుకు లాక్కుంది. "జాతర దాకనే ఎందుకడిగినవే, అవ్వా? ఇంకొన్నేండ్లు అడుగకపోయినవా?" అంది తన తల్లితో, సగం నవ్వుతూ.

"అడగందే అమ్మైనా పెట్టది. అట్లని దండిగ అడిగితె తల్లికి కోపం రాదా? ఇయ్యగలిగినంత అడగాలె" అంది అమ్మమ్మ. బజారులో వంకాయల దగ్గర కూడా ఆమె అలాగే బేరమాడేది, మరీ తగ్గించి అడిగితే అమ్మేవాడు బుట్ట ఎత్తుకుని పోతాడని.

ఇక తూకం మొదలైంది. జాతరనాటికి ఎంత బెల్లం కావాలో ముందే తెలియాలని, మంచి ముద్దలు ఏరి పక్కకు పెట్టాలని అమ్మమ్మ పట్టు. ప్రతి నెలా అమావాస్య పోయిన మర్నాడు పెరట్లో అవ్వను జోకాలి. తరాజు పళ్లెంలో గోనె మడిచి వేసి అవ్వ కూర్చునేది. అవతలి పళ్లెంలో బాపు రాళ్లు పెట్టేవాడు. పళ్లెం నేల విడిచి లేవగానే చెల్లె చప్పట్లు కొట్టేది. "ఓ సావుకారీ, దండి కొట్టి తక్కువ జోకకు, నిండుగ జోకు. నేను తల్లి సొమ్మును" అని అవ్వ బాపును ఆటపట్టించేది. ఆమె ముందు నవ్వేసి, తరువాత దుకాణంలో ఒక్కడే కూర్చుని ముక్కు తుడుచుకునేవాడు మా బాపు.

నెలనెలా బరువు పెరిగింది. ఎందుకు పెరుగుతుందో మాకు తెలియదు. మా దగ్గర మనిషి చిక్కితే చావుకు దగ్గర, ఒళ్లు చేస్తే బతుకుకు దగ్గర. అంతకు మించిన వైద్యశాస్త్రం మా వాడకట్టులో ఎవరికీ లేదు. అమ్మమ్మ సంతోషం పట్టలేకపోయింది. బాయి దగ్గర, రామాలయం అరుగు మీద, కనిపించినవాళ్లకల్లా "నా బిడ్డ ఒళ్లు జేసింది. మొక్కు పట్టింది" అని చెప్పుకుంది. జనం చూడ్డానికి వచ్చేవాళ్లు. "మొఖం నిండింది, అక్కా" అనేవాళ్లు. ఆ నిండిన మొఖంలో కళ్లు చిన్నవైపోతున్నాయని ఎవరూ అనలేదు.

వానాకాలం వచ్చింది, గోదారి ఎర్రగా పారింది, వానాకాలం పోయింది. అవ్వ ఉంది. డాక్టరు పెట్టిన గడువు దాటింది. "దాటదన్నడు. దాటిందా లేదా?" అని అమ్మమ్మ బాపును నిలదీసింది, డాక్టరు మాటకు బాపు పూచీ పడ్డట్టు. నిజం చెప్తాను, నేనూ నమ్మాను. నమ్మకుండా ఎలా ఉంటాను? మా అవ్వ అది.

కానీ నీళ్లు కొలిచి ఇచ్చే పని నాది. అంతకంటే పాడు పని లోకంలో ఉండదు. వాకిట్లోకి వచ్చిన పగవాడికైనా ముందు చెంబెడు నీళ్లిచ్చి తరువాత మాట్లాడే ఇళ్లు మావి. అలాంటి ఇంట్లో కన్నతల్లి "నాలిక అంటుకపోతుంది, బిడ్డ, ఒక్క గుక్క" అంటే, నేను "పొద్దుమూకినంక ఇస్త" అనాలి. చిన్న చెంబుకు గీత గీసి పెట్టాను. ఆ గీత దాటనిచ్చేదాన్ని కాదు. అవ్వ ఒక్కోసారి కోపంతో "నా కడుపున పుట్టి నాకు నీళ్లు ఆపుతున్నవా?" అనేది. కాసేపటికి పిలిచి తల నిమిరేది. తడిగుడ్డతో పెదాలు అద్దితే కళ్లు మూసుకునేది. ఆ గుడ్డను ఆమె చప్పరిస్తుందని తెలిసీ నేను చూడనట్టే ఉండేదాన్ని.

దసరా ముందు ఆయాసం పట్టుకుంది. వెల్లకిలా పడుకోలేకపోయేది. గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. బాపు మళ్లీ కరీంనగర్ తీసుకుపోయాడు. డాక్టరు అవ్వ పిక్క ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి తీశాడు. అక్కడ గుంట పడింది. మేము చూస్తూనే ఉన్నాం, గుంట పూడలేదు.

"నెలనెలా బరువెక్కుతుంది, సాబ్. మంచిదే గదా?" అన్నాడు బాపు.

"గిది కండ కాదు, నీళ్లు" అన్నాడు డాక్టరు. "లోపటి మనిషి చిక్కిపోతుంది. మీదికెల్లి నీళ్లు కప్పుతున్నయి. మీకు కనవడేది నీళ్లు."

అవ్వ ఈసారి గదిలోనే ఉంది. తన కాలి మీది గుంటను వేలితో తడిమి చూసుకుంది.

డాక్టరు ఒక సూది మందు రాసిచ్చాడు. మంథనిలోనే కాంపౌండరు వారానికోసారి వచ్చి వేసేవాడు. అది పడిన రోజు ఒంట్లోని నీళ్లు దిగేవి. పాపం, అవ్వ పెరట్లోకీ ఇంట్లోకీ తిరిగి తిరిగి అలసిపోయేది. కానీ మర్నాడు ఊపిరి ఆడేది, పడుకునేది, చెల్లెను ఒళ్లో కూర్చోబెట్టుకునేది. మాకు పండుగలాగే ఉండేది ఆ రోజు. ఆ నెల తూకంలో మాత్రం అవ్వ పళ్లెం ముందటి నెలకంటే తక్కువ రాళ్లకే పైకి పోయింది. అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది.

"నా బిడ్డను ఎండవెడ్తుండు గా డాక్టరు! తిన్నదంతా సూది గుంజుకుంటుంది!"

తరువాత సూది పడ్డా నీళ్లు దిగడం తగ్గింది. ఉబ్బు మళ్లీ పైకి వచ్చింది, ఆయాసం మళ్లీ వచ్చింది. నాకు అనుమానం వచ్చింది. వంట నాదే, ఉప్పు గురుగు నా కళ్లముందే ఉంటుంది. అవ్వకు మధ్యాహ్నం గంజి తాగించే పని మాత్రం అమ్మమ్మ తీసుకుంది. ఒకరోజు ఆమె చేతిలోని గిన్నె లాక్కుని గంజి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు, సముద్రమంత ఉప్పు.

"ఎవలేసిండ్రు?" అని అరిచాను.

"నేనే" అంది అమ్మమ్మ, ఏ మాత్రం వెనక్కి తగ్గకుండా. "ఉప్పు లేని కూడు తిని ఎవలు బతికిండ్రే? ఉప్పు తింటే ఒళ్లు నిలుస్తుంది. నా బిడ్డ పుల్లలెక్క అయితుంటె సూసుకుంట కూసోవాల్నా?"

"గది ఒళ్లు గాదు, నీళ్లు! డాక్టరు జెప్పలేదా?"

"నీళ్లో నిప్పులో, ఊరంత సూడంగ జోకినం. గంత ఇస్తమన్నట్టె గదా తల్లికి? ఇప్పుడు తగ్గిచ్చి ఇస్తె ఊకుంటదా? బంగారం తగ్గితె ఆయుష్షు తగ్గియ్యదా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆమె ఉప్పు వేసింది మూర్ఖత్వంతో కాదు, భయంతో. మొక్కిన బరువు దించితే తల్లి బిడ్డను తీసుకుపోతుందని. అర్థమైనా నా కోపం తగ్గలేదు, నోటికొచ్చినట్టు అన్నాను. అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడిస్తే ఆమె ఎంత ముసలిదో కనిపించింది.

గోడకు ఆనుకున్న అవ్వ ఇద్దరినీ చూస్తూ ఉంది. ఊపిరి కూడబలుక్కుని అంది, "పోరీ, నోరు మూసుకో. అవ్వా, ఇటురా, నా పక్కకు కూసో." అమ్మమ్మ కూర్చుంది. అవ్వ ఆమె వేలు పట్టుకుని తన కాలి మీద నొక్కించింది. గుంట పడింది. "సూసినవా? గిది నేను గాదు. నేను ఇంకా లోపటున్న. జాతరకు ముందు సూది ఏపిచ్చి, నీళ్లన్ని దిగినంక జోకుండ్రి. నా బరువుకు బంగారం ఇయ్యి. నీళ్ల బరువుకు నీళ్లే ఇయ్యి. బిందెడు గోదారి నీళ్లు తీస్కపోయి అక్కడి వాగుల పొయ్యి. తల్లికి బాకీ ఉండదు."

దేవుళ్ల లెక్కల్లో అమ్మమ్మ ఎవరి మాటా వినేది కాదు. కానీ ఈ లెక్క ఆమెకు ఒప్పింది. మర్నాటి నుంచి గంజిలో ఉప్పు లేదు.

ఇన్నేళ్ల తరువాత ఇప్పుడు మా చెల్లెకు కూడా గుర్దాలు పనిచేయడం లేదు. ఆ విలాయత్ మిషను కరీంనగర్‌కే వచ్చింది. వారానికి మూడుసార్లు పోయి దాని పక్కన పడుకుంటుంది. మిషను ఎక్కేముందు తూకం, దిగాక తూకం. మధ్యలో తేడా అంతా నీళ్లేనని, నీళ్లు పోగా మిగిలేదే అసలు బరువని అక్కడివాళ్లు మొదటిరోజు చెప్పారు. నేను కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను. చెల్లెకు ఏమీ అర్థం కాలేదు. అక్కడికి కొత్తగా వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట "ఎన్నేండ్లు బతుకుతం, సారూ?" అనే. వయసును బట్టి, గుండెను బట్టి, తినేదీ తాగేదీ అదుపులో పెట్టుకోవడాన్ని బట్టి అంటాడు డాక్టరు. కొందరు చాలా ఏళ్లు ఉంటారు, కొందరు ఉండరు అంటాడు. ఆ జవాబు ఎవరికీ నచ్చదు, వాళ్లకు అంకె కావాలి. నాకు మాత్రం అంకెలంటే ఒళ్లు మంట.

ఆ ఏడు మాఘం వచ్చింది. బండ్లు బయలుదేరే ముందురోజు, సూది పడి నీళ్లు దిగిన మర్నాడు, అవ్వను పెరట్లోకి తెచ్చాం. నేనొక చెయ్యి, బాపు ఒక చెయ్యి పట్టుకున్నాం. వాడకట్టు ఆడవాళ్లు చూడ్డానికి వచ్చారు. పసుపు కుంకుమలు పెట్టిన పళ్లెంలో అవ్వ కూర్చుంది. ఈసారి అవతలి పళ్లెంలో రాళ్లు కాదు, బెల్లం. అమ్మమ్మ ముద్దలు అందిస్తోంది, బాపు పెడుతున్నాడు. ఇంకా చాలా ముద్దలు పక్కన ఉన్నాయి. అంతలోనే పళ్లెం లేచింది.

అమ్మమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నీళ్లు పోయాక అవ్వ మెడ ఎముకలు, దవడ ఎముకలు బయటికి వచ్చాయి, చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఎన్ని నెలలుగానో మేం చూసి మురిసిన బరువు కింద ఇంత చిన్న మనిషి ఉంది. బాపు జీవితమంతా తరాజు ముల్లు చూసి బతికినవాడు, ఆరోజు ముల్లు వంక చూడలేదు. తరాజు దండి పట్టుకుని, మొఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

"సరిపోయిందా, అవ్వా?" అని అడిగింది అవ్వ.

"సరిపోయింది, బిడ్డ" అంది అమ్మమ్మ. "నువ్వు గింతేనా, నా తల్లీ? నువ్వు గింతేనా?" అంటూ పళ్లెంతో సహా బిడ్డను కావలించుకుంది. తరాజు ఊగింది. వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ తరువాత బాయి దగ్గర నన్నెవరూ బరువు అడగలేదు.

అమ్మమ్మ బెల్లం మూటలతో, బిందెడు గోదారి నీళ్లతో పక్కింటివాళ్ల బండిలో కాటారం మీదుగా అడవి దారిన పోయింది. బాపు, నేను, చెల్లె అవ్వ దగ్గర ఉన్నాం. ఆ రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. జాతరలో తల్లిని గుట్ట మీంచి తెచ్చి, అరుగులాంటి గద్దె మీద నిలిపేదాకా అవ్వ ఉండాలి, అంతే మా ఇంట్లో మాట. అవ్వ దగ్గితే నేను లేచేదాన్ని, నేను లేస్తే బాపు లేచేవాడు. ఆమెకే మా మీద జాలి వేసి, "భయపడకుండ్రి. అంత బెల్లం మోసుకపోయింది ముసల్ది, ఆమెను ఉత్తగ తిప్పను" అంది.

మాట నిలబెట్టుకుంది. అమ్మమ్మ బండి దిగి, దుమ్ము కొట్టుకుపోయిన మొఖంతో, ప్రసాదం బెల్లం కొంగున కట్టుకుని వచ్చేసరికి అవ్వ గడపలో కూర్చుని ఉంది. ఎండ మొఖం మీద పడుతోంది. అమ్మమ్మ ఒక్క అంగలో వచ్చి ఆమె బుగ్గలు పుణికింది. వాడకట్టంతా వినేట్టు తల్లికి జై కొట్టింది. నవ్విందో ఏడ్చిందో చెప్పలేను, రెండూ అనుకుంటాను.

అవ్వ చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకుని చప్పరించింది. "ఇగ తల్లి మాట చెల్లింది. జాతర దాక అడిగినవు, జాతర దాక ఉన్న" అంది.

అమ్మమ్మ మొఖంలో నవ్వు ఆగిపోయింది. మా అందరికీ అప్పుడే తట్టింది. ఏడాదిగా అందరం జాతర దాకా లెక్కపెట్టాం. జాతర మర్నాడు అనే రోజు ఒకటుంటుందని ఎవరమూ అనుకోలేదు. "ఇంకో జాతర దాక మొక్కుత. ఇప్పుడే మొక్కుత. రెండెత్తులు ఇస్తనంట" అని అమ్మమ్మ లేవబోయింది.

అవ్వ ఆమె కొంగు పట్టుకుంది. "వద్దే, అవ్వా. మొక్కకు. నెలకోసారి నన్ను తరాజుల కూసోవెట్టి, ఇంకెన్నొద్దులో, ఇంకెంత బరువో సూసుడు చాలు. నాకు ఇసుగు పుట్టి యాష్టకొచ్చింది. ఉన్నన్నొద్దులు లెక్కలేకుండ ఉంట. నా మీద ఒట్టు, మొక్కకు."

బాపు ఆ సాయంత్రమే దూలం నుంచి తరాజు విప్పి దుకాణం ముందటి వైపు కట్టుకున్నాడు. బస్తాలు అక్కడే జోకడం మొదలుపెట్టాడు.

జాతర తరువాత అవ్వ ఎన్నిరోజులు ఉందని చాలామంది అడిగారు. నేను ఎవరికీ చెప్పలేదు, మీకూ చెప్పను. లెక్క వద్దంది ఆమె. కొంతకాలం ఉంది. చెల్లెకు జడ వేసింది. నాకు మామిడికాయ తొక్కు ఎట్లా కలపాలో పక్కన కూర్చుని చెప్పింది, తను ముట్టుకోలేని ఉప్పు ఎంత పడాలో చేతితో చూపించింది. బాపుతో ఒకరోజు ఏదో చిన్న విషయానికి కొట్లాడి, సాయంత్రం దాకా మాట్లాడలేదు. అది కూడా నాకు ఎంతో బాగుండింది. చావబోయే మనిషితో ఎవరూ కొట్లాడరు కదా. చివర్లో సూది పనిచేయలేదు. మత్తుగా ఉండేది. ఆ మత్తులో నీళ్లు అడిగితే నేను చెంబు మీద గీత చూడలేదు. కడుపునిండా తాగించాను. "సల్లగున్నయి" అంది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

అమ్మమ్మ ఆ తరువాత చాలా ఏళ్లు ఉంది. నా పెళ్లయ్యాక కూడా పోయినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగేది. "నేను మల్ల మొక్కలే. మొక్కితె ఉండునేమో, బిడ్డ?"

మొదట్లో "ఉండకపోయేది, అమ్మమ్మా. అది గుర్దాల బీమారి" అనేదాన్ని. అప్పుడామె మొఖం ఇంకా చిన్నబోయేది. మొక్కుతో ఏమీ కాదంటే, జాతర దాకా బిడ్డ బతికిన ఆ ఏడాది కూడా తల్లి ఇచ్చింది కానట్టే. ఉండును అంటే, మొక్కకుండా ఊరుకున్న ఆమే బిడ్డను పోగొట్టుకున్నట్టు. ఒక్కోసారి విసుక్కుని లేచిపోయేదాన్ని.

ఆఖరుసారి ఆమె మంచంలో ఉన్నప్పుడు మళ్లీ అడిగింది. కళ్లు సరిగా కనిపించడం లేదు, నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"అవ్వ వద్దన్నది గదా, అమ్మమ్మా" అన్నాను.

"అన్నది, బిడ్డ" అంది. "ఒట్టు వెట్టింది. గందుకే మొక్కలే. నోటిదాక వచ్చింది, రోజూ నోటిదాక వచ్చింది, మింగిన."